అందరూ ఆకుపచ్చ

సోల్వై పెదాలు నీలంగా మారిపోయాయి, మనిషి ఇంకా లైటు స్తంభానికి కట్టేసే ఉంది.

బయట పని ముగించుకుని, సైకిల్ తీసుకుందామని ఆఫీసు వెనక్కి వచ్చాను. మే నెల, శుక్రవారం మధ్యాహ్నం. రేవు మీంచి వచ్చే గాలికి నేలమీది గోధుమరంగు పొడి చిన్నచిన్న సుడులు తిరుగుతోంది. దాల్చినచెక్క పొడి. బస్తాలకొద్దీ పోసినట్టున్నారు. దాని మధ్యలో స్తంభం, స్తంభానికి ఆ పిల్ల. వంటింట్లో గిన్నెల మీద కప్పే పల్చటి ప్లాస్టిక్ చుట్టతో భుజాల నుంచి మోకాళ్లదాకా బిగించేశారు. కళ్లకు ఈత అద్దాలు. తల ముందుకు వాలిపోయింది.

"సోల్వై!"

పలకలేదు. దగ్గరికి వెళ్లాక ఊపిరి వినపడింది. దాన్ని ఊపిరి అనడానికి కూడా లేదు. తలుపు కింద సందులోంచి గాలి దూరేటప్పుడు వచ్చే చప్పుడు అది.

సైకిల్ తాళంచెవితో ప్లాస్టిక్ చీల్చాను. మొత్తం బరువంతా నా మీదికి ఒరిగింది. చేతులు వదులు కాగానే ఆమె కుడిచెయ్యి తిన్నగా కోటు జేబులోకి వెళ్లింది. వెతికింది. మళ్లీ వెతికింది.

"జేబు... జేబులో..."

"ఏముంది జేబులో? ఇన్‌హేలరా?"

అవునన్నట్టు కళ్లు మూసింది. ఆ జేబులో నేనూ చెయ్యి పెట్టాను. తడిసిన పొడి తప్ప ఏమీ లేదు. రెండో జేబు చూశాను. లోపలి జేబు చూశాను. స్తంభం చుట్టూ నేల చూశాను.

అప్పుడే మా కెమెరామన్ పాలె, మర్చిపోయిన స్టాండు కోసం కిందికి దిగాడు. ఏళ్ల తరబడి నాతో పనిచేస్తున్న మనిషి. చావింట్లో కూడా జోకు వేయగలడు. ఆ రోజు నోరు తెరిచి మళ్లీ మూసేశాడు.

"చూస్తావేంట్రా! అంబులెన్స్ పిలువు!"

అంబులెన్స్ వాళ్లు ఆమె ముఖానికి గొట్టం తగిలించి తీసుకుపోయాక నా చేతులు చూసుకున్నాను. గోళ్ల సందుల్లోకి కూడా ఆ పొడి ఎక్కేసింది. పాతికేళ్లు నిండినా పెళ్లి కాకపోతే పుట్టినరోజున దాల్చినచెక్క పొడి చల్లడం మా దేశంలో ఎప్పట్నుంచో ఉన్న ఆట. నా మీదా చల్లారు. నా స్నేహితులే కట్టేశారు, వాళ్లే విప్పారు, వాళ్లే ఇంటికి తీసుకెళ్లి జుట్టు కడిగారు. అలా చేసే హక్కు స్నేహితులది. ఆఫీసుది కాదు.

పాలె, నేను మెట్లెక్కి పైకి వెళ్లాం.

స్కార్‌బెక్ ప్రకటనల కంపెనీ అంటే ఆర్హూస్ నగరపు రేవులో పాత ధాన్యపు గిడ్డంగి పై అంతస్తు. పొడవాటి హాలు. బల్లనిండా చిన్న చిన్న జెండాలు, బీరు సీసాలు. నడుమ అమ్మాయి ఆకారంలో చేయించిన పుట్టినరోజు కేకు. మామూలుగా పుట్టినరోజు ఎవరిదో వాళ్లే ఆ కేకు బొమ్మ మెడ కోస్తారు, చుట్టూ ఉన్నవాళ్లు గోల చేస్తారు. ఆ రోజు పుట్టినరోజు పిల్ల కింద ఉండగానే ఇక్కడ మెడ కోసేశారు. ఒకరిద్దరు చేతులు కూడా తినేశారు.

"సోల్వై ఏది? స్నానానికి వెళ్లిందా?" అన్నాడు హెన్నింగ్ స్కార్‌బెక్. కంపెనీ అతనిదే. మూతికి క్రీము అంటుకుని ఉంది.

"ఆసుపత్రికి వెళ్లింది. ఊపిరాడక. ఎవరు విప్పాలి ఆమెను?"

అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"పాలె విప్పుతాడనుకున్నా."

"నేనా? కెమెరా సర్దుకుంటుంటే మీరంతా అక్కడే ఉన్నారుగా!"

"ఆడపిల్లలు విప్పుతారేమోనని..."

"ఆహా, అంత మర్యాదస్తులా మీరు? కట్టేటప్పుడు గుర్తురాలేదే ఆడపిల్లలు?" అంది వెనకనుంచి ఒకమ్మాయి.

"ఆమె ఇన్‌హేలర్ ఎవరి దగ్గరుంది?" అడిగాను.

అప్పుడు కిటికీ దగ్గర నుంచి టోర్బెన్ ముందుకొచ్చాడు. వచ్చి నన్ను కౌగిలించుకున్నాడు. అతని కళ్లలో నీళ్లు.

"ఇప్పుడు మనం ఒకరినొకరు నిందించుకోవద్దు," అన్నాడు, నా భుజం మీంచి హాలు మొత్తానికి వినపడేట్టు. "ముందు మనల్ని మనం చూసుకుందాం."

టోర్బెన్ నా భర్త. ఆ కంపెనీలో అతని ఉద్యోగం అందరినీ సంతోషంగా ఉంచడం. అతని బల్ల మీద 'పని వాతావరణం' అని బోర్డు ఉండేది. పాలె మాత్రం అతన్ని సంతోషాల మేస్త్రి అనేవాడు.

*

ఆ ఏడు మా ఆఫీసుకి ఒక పిచ్చి పట్టింది. దేశంలోకెల్లా హాయిగా పనిచేసుకునే ఆఫీసుకి ఇచ్చే బహుమతి. అది వస్తే పెద్ద పెద్ద కంపెనీలు తమ ప్రచారం పని మాకే ఇస్తాయని హెన్నింగ్ లెక్క. జూన్ చివర జ్యూరీ వస్తుంది. అంతకుముందే మా సంతోషం మీద మేమొక చిన్న సినిమా తీసి పంపాలి. తీసేది పాలె, ఎడిట్ చేసి కూర్చేది నేను, దగ్గరుండి చేయించేది టోర్బెన్.

సోమవారం పొద్దున అందరం గుండ్రంగా నిలబడి ఒక పాట పాడాలి. పాట అయ్యాక తలా ఒక కార్డు ఎత్తాలి. బాగుంటే ఆకుపచ్చ, అంతంతమాత్రమైతే పసుపు, బాగోకపోతే ఎరుపు. ఆ కార్డులు టోర్బెన్ మా వంటింటి బల్ల మీదే కత్తిరించాడు, ప్రతివారం రంగులు లెక్కేసి గ్రాఫు గీసేవాడు. నేను పసుపు ఎత్తేదాన్ని. పొద్దున్నే పాడాల్సి వస్తే ఎవరికి బాగుంటుంది?

సోల్వై ఎరుపు ఎత్తేది. ఫిబ్రవరి నుంచి ప్రతివారం. ప్రకటనలకు మాటలు రాసే పిల్ల. ఆమె పక్క కుర్చీల్లోవాళ్లు ఒకరి తర్వాత ఒకరు ఒత్తిడి తట్టుకోలేక వైద్యుడు రాసిచ్చిన సెలవు మీద వెళ్లిపోయారు. వాళ్ల పని ఆమె నెత్తిన పడింది. ఎరుపు ఎత్తి ఊరుకునేది కాదు, కారణం చెప్పేది.

"ముగ్గురు జబ్బుపడ్డారు. వాళ్ల పేర్లు కూడా ఎవరూ ఎత్తడం లేదు. మనం పాటలు పాడుతున్నాం. అందుకే ఎరుపు."

"నీ నిజాయితీకి థాంక్స్ సోల్వై," అనేవాడు టోర్బెన్ చిరునవ్వుతో. ఇంటికొచ్చాక చెప్పులు విసిరేసేవాడు. "ఒక్క ఎరుపు డోర్తె! ఒక్కటి! గ్రాఫంతా కిందికి లాగేస్తోంది. అంతమంది కష్టాన్ని ఒక్క మనిషి..."

"ముగ్గురి బదులు ఇద్దర్నయినా తీసుకుంటే ఆ గ్రాఫే లేస్తుందిగా."

"నీకు అర్థం కాదు. మనుషుల్ని పెంచితే సంస్కృతి పెరగదు."

ఆ ముక్క అతను ఎక్కడో ఉపన్యాసంలో కూడా చెప్పి చప్పట్లు కొట్టించుకున్నాడు.

*

సోల్వైని ఆసుపత్రిలో చేర్చిన మర్నాడు మేమిద్దరం నల్లటి రై రొట్టె, దానిమీద రాసుకునే కాలేయపు ముద్ద పెట్టుకుని కూర్చున్నాం. ఆ బల్ల దగ్గర మేం కలిసి తిన్న చివరి రోజులవి. టోర్బెన్ తన రొట్టె మీద దోసకాయ ముక్కలు వరసగా పేరుస్తున్నాడు. ఎప్పుడూ అంతే, ముక్కలన్నీ ఒకే మందంలో ఉండాలి.

నేను ఆ ఆఫీసులో ఉద్యోగుల భద్రతా ప్రతినిధిని. వాళ్లే ఎన్నుకున్నారు. ఇలాంటిది జరిగితే కార్మిక తనిఖీ శాఖకు తెలియజేయాల్సింది నేనే.

"ఏమని చెప్తావు?" అన్నాడు.

"జరిగింది చెప్తాను."

"జరిగిందేంటి? పుట్టినరోజు ఆట. దురదృష్టం. ఆ పిల్లకు ఉబ్బసమని ఎవరికి తెలుసు?"

"నీకు తెలీదా?"

"నాకెలా తెలుస్తుంది? నేనేమన్నా డాక్టర్నా?" నా చేతిమీద చెయ్యి వేశాడు. "చూడు డోర్తె, ఆమెకు బాగవుతుంది. బాగయ్యాక తనకే బాధేస్తుంది, తన వల్ల ఇంతమంది కుంగిపోయారని. ఆ బరువు ఆమె మీద పెట్టకూడదు. దాని గురించి మనమే ఆలోచించాలి."

అతని వేళ్ల నుంచి దాల్చినచెక్క వాసన వస్తోంది. రెండుసార్లు స్నానం చేసినా పోలేదు.

*

ఆసుపత్రిలో సోల్వై గొంతు గీరుకుపోయినట్టుంది. మాటకీ మాటకీ మధ్య ఆగుతోంది. ఊపిరితిత్తుల్లోకి పొడి వెళ్లిందట. ఎంతవరకు తేరుకుంటుందో ఇప్పుడే చెప్పలేమన్నారు. కిటికీ గట్టు మీద ఆఫీసు పంపిన పూలు. వాటి మధ్య 'నువ్వు మాలో ఒకదానివి' అని కార్డు.

"ఆ పూలు బయట పెట్టించు డోర్తె. తుమ్ములొస్తున్నాయి," అంది.

బయట పెట్టేసి వచ్చాను.

"వద్దన్నాను," అంది. "కిందికి రమ్మన్నప్పుడు వద్దనే అన్నాను. వద్దన్నకొద్దీ చప్పట్లు కొట్టారు. అంతమంది చప్పట్లు కొడుతుంటే ఎంతసేపు వద్దంటావ్?"

"ఉబ్బసమని చెప్పలేదా?"

"ముందురోజే చెప్పాను. ఒకళ్లకి. అయితే ఇన్‌హేలర్ జేబులో పెట్టుకో, ఆయాసం వస్తే కేకెయ్యి, తీసి ఇస్తాం అన్నారు. నాకు ధైర్యం వచ్చింది."

"ఎవరు?"

సోల్వై నా ముఖంలోకి చూసింది. కోపం లేదు. జాలి లాంటిదేదో ఉంది. ఒంట్లో ఊపిరి లేని పిల్ల నా మీద జాలిపడుతోంది.

"నీకు చెప్పను. నువ్వు ఇంటికెళ్లి ఎవరికో ఎదురుగా కూర్చుని తినాలి కదా."

నేను నీళ్ల గ్లాసు అందించాను. తాగి, పక్కకు తిరిగి పడుకుంది. మాటలు గోడతో చెబుతున్నట్టు చెప్పింది.

"అద్దాల మీద నీళ్లు కొట్టారు. ఏమీ కనబడలేదు. కట్టేముందు ఎవరో వచ్చి నా కోటు సర్దారు. భుజం తట్టారు, ఏం పర్లేదన్నట్టు. నేను థాంక్స్ చెప్పాను. ఆ చేతికి థాంక్స్ చెప్పాను డోర్తె."

*

మర్నాడు హెన్నింగ్ నన్ను తన గదిలోకి పిలిచాడు. మా దగ్గర యజమాని గదికి తలుపుండదు, అది కూడా బహుమతి కోసమే తీయించారు. కాబట్టి మాట్లాడాలంటే గొంతు తగ్గించాలి.

"తనిఖీవాళ్లకి చెప్పావట. చెప్పు, నీ పని అది. కానీ సినిమా ఆగకూడదు. దాల్చినచెక్క భాగం ఉండాల్సిందే."

"ఏంటి?"

"ఆ పిల్ల మొదట్లో నవ్వుతోంది డోర్తె! నేను చూశాగా. ఆ నవ్వు వరకు పెట్టు. తీసేస్తే ఏదో దాస్తున్నట్టుంటుంది. ఉంచితే, చూశారా, మేం ఒకరి మీద ఒకరం పొడి చల్లుకునేంత దగ్గరివాళ్లం అని..."

"హెన్నింగ్, ఆమె ఆక్సిజన్ గొట్టం పెట్టుకుని ఉంది."

"అది షాట్‌లో లేదుగా."

హెన్నింగ్ చెడ్డవాడు కాదని ఆఫీసులో అందరూ అంటారు. ఇలాంటి మాట అన్నాక కూడా అంటారు. కిందిస్థాయి వాళ్లకి తానే కాఫీ పోసి ఇస్తాడు మరి.

నేను కూర్పు గదిలోకి వెళ్లి తలుపేసుకున్నాను. ఆ అంతస్తులో తలుపున్న గది అదొక్కటే. పాలె పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. శుక్రవారం తీసిందంతా మొదటినుంచి వేశాను.

నిజమే, సోల్వై నవ్వుతోంది. తెర మీద పెద్దగా చూస్తే అది ఎలాంటి నవ్వో తెలుస్తుంది. చుట్టూ కుక్కలు మొరుగుతుంటే కదలకుండా నిలబడ్డ మనిషి నవ్వు. ఆఫీసు మొత్తం చప్పట్లు. ఎవరో అద్దాలు పెట్టారు, ఎవరో నీళ్లు కొట్టారు. కోటు కుడిజేబు ఉబ్బెత్తుగా ఉంది. తర్వాతి షాట్లో ప్లాస్టిక్ చుట్టడం మొదలైంది. జేబు చదునుగా ఉంది.

నా ఉద్యోగమే అది. ఒక షాట్లో సగం ఉన్న బీరు గ్లాసు, తర్వాతి షాట్లో నిండుగా కనబడితే నాకు పంటికింద రాయి తగిలినట్టుంటుంది.

"పాలె, ఈ రెండింటి మధ్యలో ఏముంది?"

"ఏమీ లేదు. కెమెరా దించాను. టోర్బెన్ ఆపమన్నాడు, వెలుతురు చూసుకుందామని."

"దించావు సరే, ఆపావా?"

పాలె తల గోక్కున్నాడు. కెమెరామన్లు షాటయ్యాక ఆపడం మర్చిపోయి అలాగే చేతిలో వేలాడేసుకుని తిరుగుతారు. ఆ తోకలన్నీ నేలను, బూట్లను, ఆకాశాన్ని చూపిస్తుంటాయి. కూర్చేవాళ్లం మొదట వాటినే కత్తిరించి పారేస్తాం. నేను ఆ తోకను వెతికి తెచ్చి వేశాను.

నేల. పాలె బూట్లు. లోకం పక్కకు ఒరిగినట్టు స్తంభం. స్తంభం దగ్గర నడుము ఎత్తులో సోల్వై కోటు. పక్కనుంచి ఒక చెయ్యి వచ్చింది. కోటు అంచు సర్దింది. జేబులోకి వెళ్లింది. గుప్పెట మూసుకుని బయటికొచ్చింది. పైకి లేచింది, తెర దాటి. భుజం తట్టడానికన్నమాట. మైకులో సోల్వై గొంతు పల్చగా వినపడింది. థాంక్స్.

నీలం ఉన్ని స్వెటరు చెయ్యి. మణికట్టు దగ్గర బూడిదరంగు దారంతో వేసిన రఫూ. చలికాలంలో నీలం ఉన్ని దొరక్క ఆ రఫూ నేనే వేశాను.

పాలె నావైపు చూడలేదు.

"కాఫీ తెస్తాను," అని లేచాడు. గుమ్మం దగ్గర ఆగాడు. "పాలు పొయ్యాలా?"

"వద్దు."

సాయంత్రం, నా ఫిర్యాదు తీసుకున్న తనిఖీ శాఖ ఆమెకి ఫోన్ చేసి ఆ ముక్క ఉందని చెప్పాను. ఇంటికెళ్లి ఆలుగడ్డలు ఉడకేశాను.

టోర్బెన్‌ని ఏమీ అడగలేదు. ఇంట్లో అడిగితే ఏం జరుగుతుందో తెలుసు. ముందు వింటాడు. నీకెలా అనిపిస్తోందో చెప్పినందుకు థాంక్స్ అంటాడు. తర్వాత కౌగిలించుకుంటాడు. ఆ కౌగిలి నా ఒంటికి తగలకూడదు. పడకగదిలో నడుం నొప్పని చెప్పి హాల్లో సోఫా మీదికి మారాను. అతను దిండు తెచ్చి ఇచ్చాడు. ఎంత శ్రద్ధో.

*

జూన్ చివర్లో సోల్వై తిరిగి వచ్చింది, రోజుకు రెండు మూడు గంటలకని. మెట్లు ఎక్కుతూ ప్రతి మలుపులోనూ ఆగింది. ఆమె బల్ల మీద కొత్త ఆకుపచ్చ కార్డు ఒక్కటే పెట్టి ఉంది. ఎరుపూ పసుపూ ఎవరో తీసేశారు.

"నా మిగతా రంగులు ఏవి?" అని అడిగింది నన్ను.

"నాది తీసుకో, పసుపుంది," అన్నాను.

"వద్దులే. ఈ రోజు చేతులు ఎత్తే ఓపిక లేదు."

జ్యూరీ నుంచి ఇద్దరొచ్చారు. పెద్దావిడ ఒకరు, మెడకు పల్చటి కండువా చుట్టుకున్న ఒక మగమనిషి. తనిఖీ శాఖ ఆమె కూడా అదే పొద్దున వచ్చింది. హెన్నింగ్ ఆమెను కూడా జ్యూరీయే అనుకుని కాఫీ పోశాడు. ఆమె కాదనలేదు, తాగింది.

పాట పాడారు. సోల్వై పెదాలు కూడా కదపలేదు. తర్వాత హెన్నింగ్ చేతులు రుద్దుకుంటూ, "మా దగ్గర ఇంకో మంచి అలవాటుంది," అన్నాడు. "ఈ వారం పొరపాటు అంటాం. ఎవరైనా లేచి తాము చేసిన తప్పు చెప్తారు. మేం చప్పట్లు కొట్టి ఒక రొట్టె ఇస్తాం. తప్పు చేయడానికి ఇక్కడ ఎవరూ భయపడరు!"

కండువా మనిషి ముచ్చటపడ్డాడు. బల్ల మీద రొట్టెలు పొగలు కక్కుతున్నాయి. దాల్చినచెక్క పెట్టి చుట్టిన రొట్టెలు. అంతమందిలో ఒక్కరికి కూడా తట్టలేదు. సోల్వై కుర్చీ వెనక్కి జరుపుకుని కిటికీ తెరిచింది.

టోర్బెన్ లేచాడు. తెల్ల చొక్కా. ముఖం కడిగిన పలకలా ఉంది.

"ఈ రోజు నేను చెప్తాను," అన్నాడు. "మే నెలలో మన సోల్వై పుట్టినరోజు నాడు ఒక బాధాకరమైన విషయం జరిగింది. అది నా పొరపాటు. నేను నమ్మాను. ఎవరో ఒకరు ఆమెను విప్పుతారని నమ్మాను. నమ్మకం మంచిదే, కానీ దానికీ ఒక మనిషి కాపలా ఉండాలని నేర్చుకున్నాను. సోల్వై, నన్ను క్షమించు. మనమంతా దీన్నుంచి బలపడ్డాం."

ఒక క్షణం తర్వాత ఎవరో మొదలుపెట్టారు, అందరూ అందుకున్నారు. చప్పట్లు. జ్యూరీ పెద్దావిడ కళ్లు తుడుచుకుంది. హెన్నింగ్ పళ్లెంలోంచి ఒక రొట్టె తీసి టోర్బెన్ చేతిలో పెట్టాడు.

పాలె మాత్రం చేతులు జేబుల్లోనే పెట్టుకుని నావైపు చూశాడు.

"టోర్బెన్," అన్నాను. చప్పట్లు తగ్గేదాకా ఆగాను. "ఇన్‌హేలర్ ఏం చేశావ్?"

"ఏ ఇన్‌హేలర్?"

"ఆమె జేబులోంచి తీసింది. కెమెరా ఆగలేదు. నీ చెయ్యి ఉంది అందులో. నేను వేసిన రఫూ ఉంది."

"డోర్తె, ఇది ఇంట్లో మాట్లాడుకుందాం."

"ఇక్కడ తప్పు చెప్పడానికి ఎవరూ భయపడరన్నారుగా," అన్నాడు పాలె. "చెప్పు మేస్త్రీ. రొట్టె కూడా ఇచ్చేశారు."

తనిఖీ శాఖ ఆమె కప్పు కింద పెట్టింది. హెన్నింగ్ ఏదో అనబోయాడు. ఆమె, "మీరు కాదు," అంది మెల్లగా.

టోర్బెన్ చుట్టూ చూశాడు. ఒక్కొక్కరి ముఖంలో వెతికాడు. ఎవరైనా నవ్వుతారేమోనని వెతికాడనుకుంటాను. ఎవరూ నవ్వలేదు. చివరికి సోల్వై దగ్గర ఆగాడు. ఆమె అతన్నే చూస్తోంది, తెరిచిన కిటికీ పక్కన, చిన్నగా ఎగపోస్తూ.

"నా సొరుగులో ఉంది," అన్నాడు. "పారేయలేదు. పారేస్తే తప్పు చేసినట్టవుతుంది కదా. నేనే తీశాను. షాట్‌లో జేబు ఉబ్బెత్తుగా కనబడుతోంది. అదేంటని ఎవరైనా అడుగుతారు, మందు అని చెప్పాలి, జబ్బు మనిషిని కట్టేశారంటారు. షాటయ్యాక ఇచ్చేద్దామనే తీశాను. ఒట్టు. తర్వాత అందరూ మెట్లెక్కుతున్నారు. ఎవరు విప్పుతారో నేను ఎవరికీ చెప్పలేదు. చెప్పకపోతే ఎవరికి వాళ్లు పక్కవాళ్లు విప్పుతారనుకుంటారు. అది నాకు తెలుసు. మనుషుల గుంపు ఎలా నడుస్తుందో చదువుకున్నవాణ్ని, అదే కదా నా పని. కాసేపు ఒంటరిగా ఉండనీ అనుకున్నాను. ఫిబ్రవరి నుంచి ప్రతి సోమవారం ఒక్కత్తే నిలబడి ఇంతమంది ముఖాలు మాడ్చింది. ఒంటరితనం ఎలా ఉంటుందో తెలిస్తే మాలో కలుస్తుంది అనుకున్నాను. పైకొచ్చి కిటికీ దగ్గర నిలబడ్డాను. అరుస్తోంది. వినపడింది. నా పేరు పెట్టే అరిచింది, మందు ఇస్తానన్నది నేనే కదా. తర్వాత అరుపు ఆగిపోయింది. అప్పుడు వెళ్లాలి. వెళ్లాలని నాకు తెలుసు డోర్తె, నేనేం రాక్షసుణ్ని కాదు. కానీ వెనక్కి తిరిగితే హాల్లో అందరూ నవ్వుతున్నారు. నటన కాదు, నిజంగా నవ్వుతున్నారు. ఒక్కరి ముఖంలో కూడా విసుగు లేదు. ఈ కంపెనీలో చేరినప్పట్నుంచీ నేను కట్టాలనుకున్న గది అదే, మొదటిసారి చూశాను. ఇప్పుడు నోరు తెరిస్తే అదంతా పాడైపోతుందనిపించింది. కిటికీ మూసేశాను. మీరు ఏమైనా అనుకోండి, ఆ కాసేపు ఉన్నంత హాయిగా ఈ ఆఫీసులో నాకెప్పుడూ లేదు."